బొమ్మ టోపీకి లైటు

పేరు చెప్పను గానీ వాడు మీకు తెలుసు. వీడియో గేముల్లో టోపీ పెట్టుకుని, ముక్కు కింద లావు మీసంతో, గొట్టాల్లోకి దిగి మళ్లీ పైకి వచ్చే పొట్టి మనిషి. నా చిన్నప్పుడు టీవీలో ఎగిరేవాడు. ఇప్పుడు నా బిడ్డ స్కూలు బ్యాగు మీద, నీళ్ల సీసా మీద, దుప్పటి మీద ఎగురుతున్నాడు. ఈలోగా నా జుట్టు సగం తెల్లబడింది, కుట్టి కుట్టి మెడ పట్టేసింది, కళ్లకు అద్దాలొచ్చాయి. వాడి మీసంలో మాత్రం ఒక్క వెంట్రుక నెరవలేదు. వాణ్ని ఎక్కడ చూసినా నాకు ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత ఆవులింత వస్తుంది.

గోదావరిఖనిలో మా కాలనీ పిల్లలం వాణ్ని బాయి కాక అనేవాళ్లం. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, చేతులకు గ్లోవ్సులు వేసుకుని భూమిలోకి దిగేవాడు మా లెక్కలో ఇంకెవరవుతాడు? అలాంటి మనిషి మా ప్రతి ఇంట్లో ఒకడున్నాడు. మా ఇంట్లో నాన్న, మేం బాపు అనేవాళ్లం. ఒక ఏడాది దసరా బోనసు రాగానే బాపు టీవీకి తగిలించే గేము డబ్బా కొనుక్కొచ్చాడు. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చి, స్నానం చేసి, చెవుల్లో ఇంకా మిగిలిన బొగ్గును తువ్వాలు కొసతో తీసుకుంటూ మా వెనక కూర్చుని చూసేవాడు.

"వీడు ఏ బాయిల పనిచేస్తడే?" అని అడిగేవాడు.

"ఏమో బాపు, కింద నీళ్లు గూడ ఉన్నయి."

"నీళ్లు లేని బాయి యాడుంటది? మంచిగ దుంకుతుండు గని. మా సర్దారు సూస్తె వీన్ని అస్సలే ఇడువడు." సర్దారంటే బాయి లోపల పని చేయించే మేస్త్రి.

అవ్వ, అంటే మా అమ్మ, గేము ఆడేది కాదు. అయినా ఆ గేము మీద అందరికంటే పెద్ద చట్టం ఆమెదే. వాడు కింద ఉన్నప్పుడు టీవీ ఆపకూడదు. అన్నం పెట్టినా, చుట్టాలొచ్చినా, ముందు వాణ్ని పైకి తేవాలి, తర్వాతే స్విచ్చు. "ఎక్కినంక బంద్ చెయ్యిండ్రి. పాపం, గట్లనే ఇడిసిపెడ్తరా?" అనేది. చుట్టుపక్కల క్వార్టర్లలో తల్లులందరూ ఇదే మాట అనేవారని పెద్దయ్యాక తెలిసింది. ఎవరూ ఒకరికొకరు చెప్పుకున్నది కాదు. ఆట మధ్యలో కరెంటు పోయి వాడు కిందే ఉండిపోతే, అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

గేముతో వాడు ఊరుకోలేదు. కార్టూనులోకి వచ్చాడు, ఏకంగా తెలుగు మాట్లాడాడు. అదీ వార్తలు చదివే మనిషి తెలుగు. "ఏందే, గిట్ల మాట్లాడుతుండు? మనోడు కాదా?" అని అవ్వ నొచ్చుకుంది. "ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిండేమో తియ్యి" అన్నాడు బాపు. ఆ తర్వాత వాడు డాక్టరయ్యాడు, కారు తోలాడు, టెన్నిస్ ఆడాడు, అంతరిక్షంలోకి కూడా వెళ్లొచ్చాడు. మా వాళ్లకు ఒకరి బదులు దిగే బదిలీ వర్కరు నుంచి పర్మినెంటు కావడానికే నెత్తి మీద జుట్టు రాలిపోయేది.

నేను పెళ్లి చేసుకుని అదే ఊళ్లో ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి మారాను. మా ఆయనదీ బాయి పనే, లోపలి డ్యూటీ. నేను మిషను కుడతాను. జాకెట్లు, స్కూలు యూనిఫాంలు, వార్షికోత్సవాల ముందు పిల్లలకు వేషాలు. పులులు, చిలకలు, టమాటాలు, అన్నీ నా చేతిలో పుట్టినవే. పుట్టినరోజుల్లో వాడి ముఖంతో కేకులు, గోడలకు వాడి బొమ్మలు, పిల్లలకు వాడి టోపీలు వచ్చిపడ్డాక నాకు ఆ టోపీలే ఎక్కువయ్యాయి. వాడి సినిమా కూడా వచ్చింది. బిడ్డ పోరు పడలేక ముగ్గురం మంచిర్యాల వెళ్లి చూశాం. చూశామంటే బిడ్డ చూసింది. థియేటరు చల్లగా ఉంది, మా ఆయన పక్కనే ఉన్నారు, లైట్లు ఆరాయి, నేను నిద్రపోయాను. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన ఆయన నాకంటే ముందే నిద్రపోయారట. కథేమిటో ఇప్పటికీ తెలియదు.

ఆ సినిమా చూసిన కొన్నాళ్లకు ఒక సెకండు షిఫ్టులో, పైకప్పు నుంచి బండ జారి మా ఆయన పనిచేస్తున్న చోటికి దారి మూసుకుపోయింది. ఎవరి తప్పూ కాదు, భూమి లోపల అలాంటివి జరుగుతాయి. తోటివాళ్లు అవతలి నుంచి రాళ్లు తీసి, షిఫ్టు ముగిసేలోపే ఆయన్ని బయటికి తెచ్చారు. ఒంటి మీద గీత కూడా పడలేదు. అందరితోపాటు చాయ్ తాగి ఇంటికొచ్చి, "జర లేటయింది" అన్నారు. అసలు సంగతి నాకు మర్నాడు కూరగాయల బండి దగ్గర తెలిసింది.

ఆ వారం నుంచే ఆయనకు నడుం నొప్పి. డ్యూటీకి బయల్దేరే వేళకు మంచం దిగేవారు కాదు. నేను మందు రాశాను, ఇటుకరాయి కాచి కాపడం పెట్టాను, దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టరు నొక్కి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఏమీ లేదన్నాడు. ఏమీ లేని నొప్పికి సెలవు ఎన్నాళ్లిస్తారు? బాయిలో హాజరును మస్టర్లు అంటారు. మస్టర్లు తక్కువైతే ముందు పిలిచి అడుగుతారు, తర్వాత ఎంక్వయిరీ, ఆ తర్వాత ఇంటికి పంపుతారు. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. ఆయనతోపాటే పనిచేసే పక్క క్వార్టరు అన్న ఒకనాడు గుమ్మంలోనే నిలబడి నాతో అన్నాడు.

"చెల్లె, మస్టర్లు మొత్తం పోయినయి. గిట్లనే అయితే ఎంక్వయిరీ పెడ్తరు. నౌకరి పోయినంక ఏడిస్తె ఏం ఫాయిదా? జల్ది పంపియ్యి."

పంపడానికి ఆయనేమైనా పార్సిలా? నేను చెప్పని మాట లేదు. బతిమాలాను, అరిచాను, మాట్లాడటం మానేశాను. ఆయన దేనికీ ఎదురు చెప్పరు. బిడ్డ కోసం కొన్న గేము ముందు కూర్చుని పొద్దస్తమానం ఆ మీసాల వాణ్ని ఎగిరిస్తుంటారు. నేను మిషను తొక్కుతూ వెనక నుంచి చూసేదాన్ని. అవ్వ కడుపున పుట్టాను కదా, నా చూపు గొట్టాల మీదే ఉండేది. గొట్టం వచ్చిన ప్రతిసారీ ఆయన దాని మీదుగా దూకించేవారు. ఒక్కదాంట్లోకీ దించేవారు కాదు.

"డాడీ, గా గొట్టంల దిగితే కాయిన్లుంటయి!" అని బిడ్డ అరిచేది.

"వద్దు బిడ్డ. గిట్లనే పోదం."

గేములో కూడా బద్ధకమే అనుకున్నాను. "నడుం నొప్పున్నోడు పొద్దంత గిట్ల కూసుంటడా?" అని సూటిగానే అనేశాను. ఆయన చేతిలోది కింద పెట్టి వెళ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ వీపు చూస్తే నాకు జాలి కలగలేదు, అలసట కలిగింది. ఇంటి పని, మిషను పని, ఈయన్ని లేపే పని. ఈ మూడో పనికి రోజు చాలేది కాదు.

అప్పుడే ఆఫీసర్ల బంగళాల నుంచి ఫోనొచ్చింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం, ఫోను చేసిన మేడం భర్త కంపెనీలో పెద్ద ఇంజినీరు. వాళ్ల బాబు పుట్టినరోజట.

"ఆ మీసాల బొమ్మ వేషం కుట్టగలరాండీ? పెద్దమనిషి తొడుక్కునేలా ఉండాలి. పిల్లల మధ్య తిరుగుతాడు కదా, తల గట్టిగా నిలబడాలి. ఫొటో పంపించమంటారా?"

"ఫొటో ఎందుకు మేడం? చిన్నప్పటి సంది సూస్తున్న, వాడు నాకు తెల్వదా?"

నాకు తెలిసింది ఏపాటిదో వినండి. బిడ్డ బ్యాగు ముందు పెట్టుకుని స్పాంజితో తల కోశాను, మీసం అతికించాను, పిల్లలు లాగినా ఊడకుండా మెడ వెనక గట్టి హుక్కులు పెట్టాను. బూట్లు, గ్లోవ్సులు అన్నీ కుదిరాయి. కానీ బ్యాగు మీద బొమ్మకు టోపీ మీద లైటు లేదు, నడుముకు బెల్టు లేదు. గీసినవాడు ఎప్పుడైనా బాయి మొహం చూశాడా ఏంటి, వాడికేం తెలుస్తుంది అనుకున్నాను. లైటు లేకుండా ఎవడు దిగుతాడు? టార్చి కొని విప్పి టోపీకి నిజంగా వెలిగే లైటు బిగించాను. నల్ల రెగ్జినుతో బెల్టు కుట్టి, బ్యాటరీ పెట్టుకునే సంచి తగిలించి, అందులోంచి టోపీ దాకా వైరు లాగాను. కొక్కేనికి వేలాడుతున్న మా ఆయన డ్యూటీ బెల్టునే కొలతకు తీసుకున్నాను. ఆయన దాన్ని చూసి అటు తిరిగి పడుకున్నారు.

పుట్టినరోజు నాడు స్కూలు నుంచి వచ్చిన బిడ్డ దాన్ని చూసి నోరు తెరిచింది.

"మమ్మీ! లైటేంది? బెల్టేంది? ఆయన ప్లంబరు, నల్లాలు బాగుచేసేటాయన!"

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అందరికి తెల్సు! సినిమాల గూడ జూపిచ్చిండ్రు గదా!"

సినిమాలో నేను నిద్రపోయాను కదా. మంచం మీద నుంచి మా ఆయన నవ్వారు. ఎన్ని వారాలకో ఆ ఇంట్లో వినిపించిన నవ్వు.

"నల్లాలోడా? మా బాయోడే అనుకున్ననే ఇన్నొద్దులు!"

విప్పి కుట్టడానికి టైము లేదు. అంత పెద్ద తలతో ఆటోలో ఒక్కదాన్నే వెళ్లలేనని ఆయన్ని తోడు రమ్మన్నాను, వచ్చారు. బంగళా వరండాలో మేడం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటండీ, నెత్తి మీద లైటు?" అంది. నేను భూమిలోకి పోయాను. ఇంజినీరు సారు మాత్రం పకపకా నవ్వి, "మన మైను మనిషిలా ఉన్నాడే! బావుంది, ఉంచండి" అన్నారు. అలా ఆ గండం గడిచింది. రెండోది ఫోనులో వచ్చింది. వేషం వేసి డాన్సు చెయ్యాల్సిన ఆయన మంచిర్యాల నుంచి బయల్దేరి గోదావరి బ్రిడ్జి మీద ట్రాఫిక్కులో ఇరుక్కున్నాడు, ఇప్పట్లో రాడు. పిల్లలు అప్పటికే గోల పెడుతున్నారు. మేడం ముఖం చిన్నబోయింది.

"ఇటియ్యి, నేనేస్కుంట" అన్నారు మా ఆయన.

"నడుమో?"

"ఏం కాదు తియ్యి."

కారు షెడ్డులో ఆయనకు వేషం తొడిగాను. బూట్లు వేసుకున్నారు. బెల్టు అందిస్తే నేను పెట్టేలోపే ఆయన చేతులు వాటంతట అవే బిగించేశాయి. బ్యాటరీ సంచి నడుము వెనక్కి జరిపి, వైరు భుజం మీదుగా లాగి, ఒక్క క్షణం అలాగే నిలబడిపోయారు. ముఖంలో రక్తం లేదు. ఉక్కపోత అనుకున్నాను. తల పెట్టి, వెనక హుక్కులన్నీ వేశాను.

హాల్లోకి రాగానే పిల్లలు చేతులకు వేలాడారు, బెల్టు పట్టుకుని గుంజారు. ఆయన నిజంగానే నాలుగు గంతులు వేశారు. ఇంతలో కేకు వచ్చింది, దాని మీదా వాడి ముఖమే. కొవ్వొత్తులు వెలిగించి, కిటికీలకు పరదాలు లాగి, లైట్లన్నీ ఆర్పారు. అందరూ చప్పట్లతో పాట అందుకున్నారు. చీకట్లో ఆయన చెయ్యి అలవాటుగా నడుము వెనక్కి పోయి లైటు నొక్కింది. ఎదుటి గోడ మీద గుండ్రంగా వెలుగు పడింది.

ఆ వెలుగు ముందు కదల్లేదు. తర్వాత వణికింది. తర్వాత గోడ మీద నుంచి జారుతూ కిందికొచ్చింది. ఆయన వెనక గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోతున్నారని నాకు అప్పటికి గానీ అర్థం కాలేదు. రెండు చేతులూ మెడ దగ్గర గీరుతున్నాయి. పాట మధ్యలో స్పాంజి లోపలి నుంచి ఒకటే మాట, "తియ్యి, తియ్యి, తియ్యి." పిల్లలు అదీ ఆటే అనుకుని నవ్వుతున్నారు. పరుగెత్తి వెళ్లి హుక్కులు పట్టుకున్నాను. ఊడకుండా కుట్టిన హుక్కులు, ఊడలేదు. పళ్లతో కొరికి దారం తెంపి తల లాగేశాను.

ఎవరో లైటు వేశారు. ఆయన జుట్టంతా చెమటకు తడిసి నుదుటికి అతుక్కుంది. కళ్లు ఎక్కడో ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేడం నీళ్లు తెమ్మని కేకేసింది. ఇంజినీరు సారు వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఏమైందయ్యా?"

"నడుం నొప్పి సార్, పాతదే" అన్నాను నేను. ఇన్ని వారాలుగా అందరికీ చెప్పి చెప్పి ఆ మాట నోట్లోనే ఉంది.

"నడుం నొప్పి కాదు సార్" అన్నారు మా ఆయన. "నడుముకేం కాలే. నాకు బాయిలకు దిగుడంటే భయమైతంది. బండ పడ్డనాటి సంది దిగలేకపోతున్న. రోజు పోదమనే అనుకుంట. కాళ్లు పోతలెవ్వు. ఇంట్ల గూడ చెప్పలే."

మా దగ్గర మగవాళ్లు ఆ మాట అనరు. కాలు విరిగిందంటారు, ఊపిరి ఆడటం లేదంటారు, తాగడం మొదలుపెడతారు. బాపు అన్నేళ్లు దిగి ఎక్కి కూడా ఒక్కసారీ అనలేదు. భయం ఎవరికీ లేక కాదు, ఒకడు ఆ మాట అంటే పక్కవాడికీ కాళ్లు కదలవు. నాకు ముందు కోపమొచ్చింది, నాకెందుకు చెప్పలేదని. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆ తడిసిన జుట్టు చూసి అందరి ముందూ ఏడ్చాను.

సారు ఉపన్యాసం ఇవ్వలేదు. "రేపు పొద్దున ఆఫీసుకి రా. ఇప్పుడు నాకు చెప్పినట్టే అక్కడా చెప్పు. నేనూ ఉంటాను" అన్నారు. మేడం మమ్మల్ని లోపలి గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టి కేకు తెచ్చిపెట్టింది. నా ప్లేటులోకి మీసం ముక్క వచ్చింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, తినేశాను.

ఇంటికొస్తుంటే షేర్ ఆటోలో ఆయన, "ఇజ్జత్ పోయిందా?" అని అడిగారు.

"పోతె పోనియ్యి" అన్నాను. "నువ్వు ఉన్నవు గదా."

మర్నాటి నుంచి తిరగడం మొదలైంది. ఆఫీసు, దవాఖాన, మళ్లీ ఆఫీసు. చెప్పిన మాటే ఎందరికో చెప్పారు. మొదట్లో ఆయన గొంతు తడబడేది, తర్వాత తడబడలేదు. వినే వాళ్లలో కొందరు నవ్వారు. కొందరు తల దించుకున్నారు. పక్క క్వార్టరు అన్న అయితే మొత్తం విని, ఆయన భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. చివరికి లోపలి డ్యూటీ తీసి పైన యార్డులో పని ఇచ్చారు. మా వాళ్లు దాన్ని ‘మీద పని’ అంటారు. జీతం తగ్గింది, ఎండ పెరిగింది. క్వార్టరు మిగిలింది. "ఏం బావ, లోపల చల్లగుండె గదా, ఎండకు మాడుతున్నవా?" అని షిఫ్టు దిగే వాళ్లు ఎగతాళి చేస్తే, "మాడుతున్ననే" అని నవ్వి ఊరుకుంటారట. ఆయన ఊరుకున్నా నేను ఊరుకోను. అలా అన్న ఒకాయనను కిరాణా కొట్టు దగ్గర పట్టుకుని కడిగేశాను.

యార్డు పనిలో చేరిన మొదటి రోజు ఆయన ఫస్టు షిఫ్టుకు వెళ్లారు. ఒంటిపూట బడులు, బిడ్డ కూడా పొద్దున్నే వెళ్లిపోయింది. నేను మిషను ముందు కూర్చున్నాను. సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉంది. కాసేపటికి ఎందుకో లేచి, నేల మీద చాప పరుచుకుని నడుం వాల్చాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన డ్యూటీలో ఉండగా నేను ఎన్నడూ కన్ను మూయలేదు. పని ఎక్కువ కదా, అందుకే అనుకునేదాన్ని.

బిడ్డ వచ్చి భుజం పట్టి కుదిపేదాకా నాకు లోకం తెలియలేదు. పగటిపూట నిద్రపోతున్న తల్లిని అది ఎప్పుడూ చూసి ఉండదు. భయపడి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"మమ్మీ, ఏమైంది? జరమొచ్చిందా?"

"లేదు బిడ్డ" అన్నాను. "డాడీ మీదనే ఉన్నడు."